పాపకు ఏ పేరు పెడదాం?



ప్రసూతి వార్డులో పుట్టిన ప్రతి బిడ్డ చేతికీ ఒక చిన్న పట్టీ కడతాం. దాని మీద ఉండేది తల్లి పేరే. టీకాల కార్డు మీద కూడా మొదట ‘ఫలానా తల్లి బేబీ’ అనే రాస్తాం. పాపకు ఇంకా పేరు లేదు కదా!

మగబిడ్డ పుడితే చాలా ఇళ్లలో పేరు ముందే తయారుగా ఉంటుంది. రెండోసారో మూడోసారో ఆడపిల్ల పుట్టినప్పుడు మాత్రం మంచం చుట్టూ మాటలు తగ్గిపోవడం మేము చూస్తూనే ఉన్నాం. “ఇప్పుడేం తొందరలెండి, ఏదో ఒకటి పెట్టొచ్చు” అంటారు పెద్దవారు. గోడవైపు తిరిగి పడుకున్న ఆ బాలింత మనసు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. పుట్టేది ఆడో మగో నిర్ణయమయ్యేది తండ్రి బీజకణాన్ని బట్టి. అందులో తల్లి తప్పు ఏమీ లేదు, తండ్రి తప్పూ లేదు, పాప తప్పు అసలే లేదు.

నిరాశతో పెట్టిన పేరు బిడ్డను జీవితమంతా వెంటాడుతుంది. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో కొందరు ఆడపిల్లలకు ‘నకుషా’ అని పేరు పెట్టేవారు. అంటే ‘అక్కరలేనిది’ అని అర్థం. 2011 అక్టోబరులో అక్కడి అధికారులు సభ జరిపి, అటువంటి 285 మంది బాలికలకు కొత్త పేర్లు పెట్టించారు. కొందరు తమ పేరు తామే ఎంచుకున్నారు.

మన బైబిలులో ఇందుకు భిన్నమైన తండ్రి ఒకాయన ఉన్నాడు. శ్రమలు తీరిన తరువాత యోబుకు ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు కలిగారు. ఆ కుమారుల పేర్లు గ్రంథంలో లేవు. కుమార్తెల పేర్లు మాత్రం ఉన్నాయి: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. అంతేకాదు, అన్నదమ్ములతోపాటు వారికీ స్వాస్థ్యము ఇచ్చాడు.

మన గోదావరి జిల్లాలలో లూథరన్, కతోలిక సంఘాలవారు పసిబిడ్డలకే బాప్తిస్మమిస్తారు. బ్రదరన్, బాప్టిస్టు సంఘాలవారు బిడ్డను ప్రతిష్ఠించి ప్రార్థన చేస్తారు, బాప్తిస్మము పెద్దయ్యాకే. పద్ధతి ఏదైనా, సంఘమంతటి ఎదుట పాపను పేరు పెట్టి పిలిచే రోజు అది. ఆ ఉదయం గుడి మెట్ల మీద హడావిడిగా తేల్చే విషయం కాదు.

మరి ఏ పేరు పెట్టాలి? బైబిలు పేరే ఉండాలన్న నియమం లేదు. మన మామ్మలు, అమ్మమ్మల తరంలో మరియమ్మ, మార్తమ్మలతోపాటు కరుణమ్మ, సువార్తమ్మ, జ్ఞానమ్మ, శాంతమ్మ అనే మంచి తెలుగు పేర్లు ఉండేవి. పాపకు చెప్పుకోవడానికి ఒక కథ ఉన్న పేరైతే మరీ మంచిది. అపొస్తలుల కార్యములలో లూదియ తన ఇంటి తలుపు తెరచి సేవకులకు ఆతిథ్యమిచ్చింది. గత శతాబ్దపు తొలి సంవత్సరాలలో రాజమండ్రిలో స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేసిన అమెరికన్ లూథరన్ డాక్టరమ్మ పేరూ అదే, లిడియా వోర్నర్.

ఇంటివారికి నచ్చలేదని తల్లి మాట తోసేయకండి. బంధువులందరూ బిడ్డకు జెకర్యా అని పెట్టబోతే, కాదు యోహాను అనాలని చెప్పినది తల్లి ఎలీసబెతే. తండ్రి పలక అడిగి ఆమె చెప్పిన పేరే రాశాడు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. తెలుగు బైబిలులో రాహేలు, బడిలో రేచల్. సంఘపు రిజిస్టరులో ఎస్తేరు, ఆధార్‌లో ఎస్తర్. ఇంట్లో పిలిచేది ఇంకొకటి. చిన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు దగ్గరికి వచ్చేసరికి పాప తానే ఆ పాపనని రుజువు చేసుకోవలసి వస్తుంది. ముద్దుపేరు ఇంట్లో ఉండనివ్వండి. కాగితాలన్నిటిలో ఒకే పేరు, ఒకే అక్షరాలు ఉండాలి. తెలుగులోను, ఇంగ్లీషులోను ఒక కాగితం మీద రాసుకొని పాస్టరుగారికి, ఆసుపత్రివారికి అదే చూపండి.

జననాన్ని 21 రోజులలోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పుడితే ఆ సమాచారం ఆసుపత్రివారే పంపుతారు. అప్పటికి పేరు కుదరకపోయినా నమోదు ఆగదు. తరువాత 12 నెలల వరకు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. అది దాటితే ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఆధార్‌కు, ఓటుకు, పెళ్లి నమోదుకు జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పేరు గడి ఖాళీగా ఉంచకండి. బాప్తిస్మపు పత్రం సంఘానికి చెల్లుతుంది గాని ఆ ధ్రువపత్రానికి బదులు కాదు.

ఆ పండుగ రోజున పాప ఆరోగ్యమూ చూసుకోండి. నాలుకకు తేనె రాయవద్దు, ఏడాది నిండేవరకు తేనె ప్రమాదం. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు. చేతులు కడుక్కున్నవారే పాపను ఎత్తుకోవాలి. జలుబు, దగ్గు ఉన్నవారు దూరం నుండే దీవించాలి. నీళ్లు గోరువెచ్చగా ఉండేలా చూసి, తల వెంటనే తుడవాలి. పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి పడ్డాయో లేదో కార్డులో చూసుకొని, ఆరో వారం టీకాలకు తప్పక తీసుకురండి.

వచ్చేటప్పుడు ఆ కార్డు మీద ‘ఫలానా తల్లి బేబీ’ అన్నచోట పాప పేరు రాయించండి. ఓ.పి.లో ఆ పేరుతోనే పిలుస్తాం.

దేవుడు మీ ఇంటి ఆడబిడ్డను దీవించును గాక.