ఒకే డిస్కు, రెండు వ్యవస్థలు: హద్దులు గీసే ముందు

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంచుకోదలచినవారు సాధారణంగా దేనికి ఎన్ని గిగాబైట్లు ఇవ్వాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నిజానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న వేరు: రెండు వ్యవస్థలూ పాడైపోయినా మనకు మిగిలి తీరవలసినది ఏమిటి? ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిరిగి ఎక్కించుకోవడం ఒక పూట పని. పదేళ్ళ ఫొటోలు, వీసా కాగితాల ప్రతులు, సగం రాసిన వ్యాసాలు అలా తిరిగి రావు. కాబట్టి ప్రణాళిక వాటి నుంచే మొదలు కావాలి.

పార్టిషన్ చేయడమంటే డిస్కును కోయడం కాదు, ఒక పట్టికలో హద్దులు రాసుకోవడం. ఇది ఊళ్ళోని భూమి రికార్డు వంటిది. రికార్డు చెరిగిపోతే పొలం ఎక్కడికీ పోదు గాని, ఏది ఎవరిదో తెలియకుండా పోతుంది. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ పద్ధతిలో, డిస్కు మొదటి సెక్టారులోని 512 బైట్లలో ఈ పట్టికకు దక్కినవి 64 మాత్రమే. ఒక్కొక్క పద్దుకు 16 బైట్లు కావాలి. అందుకే ప్రధాన విభాగాలు నాలుగుకు మించవు. సెక్టారు సంఖ్యకు 32 బిట్లే ఉండటంవల్ల సుమారు 2 టెరాబైట్లకు మించిన స్థలం దాని లెక్కకు అందదు. తరువాత వచ్చిన జీపీటీ పద్ధతి సాధారణంగా 128 పద్దులకు చోటిస్తుంది, పట్టిక నకలును డిస్కు చివర భద్రపరుస్తుంది. యూఈఎఫ్ఐ ఉన్న నేటి యంత్రాలకు ఇదే తగినది.

512 గిగాబైట్ల డిస్కును ఉదాహరణగా తీసుకుందాం. తయారీదారు లెక్క వేరు గనుక విండోస్‌లో ఇది దాదాపు 476గా కనిపిస్తుంది. బూట్ ఫైళ్ళుండే ఈఎఫ్ఐ విభాగానికి అర గిగాబైటు, విండోస్‌కు 150, లినక్స్‌కు 60, స్వాప్‌కు 20 ఇవ్వవచ్చు. లినక్స్‌లో హైబర్నేషన్ కావాలంటే స్వాప్ కనీసం ర్యామ్ అంత ఉండటం మేలు. విండోస్ తనకై ఉంచుకునే చిన్న విభాగాలు పోగా మిగిలే 240కి పైగా స్థలం సొంత దస్త్రాలకు. రెండు వ్యవస్థలూ చదవగలిగేలా దీనిని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయవచ్చు. 2021లో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.15 నుంచి దీనిలో రాయగల కొత్త డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది.

హద్దులు తరువాత జరపవచ్చులే అనుకోవడం పొరపాటు. ఒక విభాగపు స్థలమంతా ఒకే వరుసలో ఉండాలి. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒక విభాగాన్ని పెంచాలంటే దాని వెనువెంటనే ఖాళీ ఉండాలి. మధ్యలో మరో విభాగం అడ్డుంటే కుదరదు. అందుకే ఏది ఎంత అన్నదే కాక, ఏది ఏ వరుసలో అన్నదీ ముందే కాగితం మీద రాసుకోవాలి.

విండోస్‌ను ముందు, లినక్స్‌ను తరువాత ఎక్కించడం మంచిది. ఇప్పటికే ఉన్న విండోస్ విభాగాన్ని కుదించవలసివస్తే విండోస్ సాధనంతోనే కుదించాలి. బిట్‌లాకర్ ఉంటే, ఆ పనికి ముందే రికవరీ కీని వేరొకచోట రాసి ఉంచుకోవాలి. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలి. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ అయినట్టు కనిపించినా, విండోస్ తన స్థితిని దాచుకుని సగం నిద్రలోనే ఉంటుంది. ఆ సమయంలో లినక్స్ అదే విభాగంలో రాస్తే దస్త్రాలు చెడిపోవచ్చు.

ఇంత చేసినా ఒక సంగతి మరవరాదు. దస్త్రాలకు వేరే విభాగం ఉంటే వ్యవస్థను మార్చుకోవడం తేలికవుతుంది. కాని డిస్కే చెడిపోతే అన్ని విభాగాలూ కలిసే పోతాయి. హద్దు గీయడానికి ముందు, గీసిన తరువాత కూడా, మరో డిస్కులో ఒక ప్రతి ఉండాలి. ఆ ప్రతిలోని ఫైళ్ళు నాలుగైదు తెరిచి చూసుకున్నాకనే పని మొదలుపెట్టాలి.