పారాణి ఎరుపు వెనుక ఆర్గానిక్ కెమిస్ట్రీ

డిగ్రీ పై తరగతుల ఆర్గానిక్ కెమిస్ట్రీలో అసలు పని ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతున్నాయో కనిపెట్టడం. ఇంటర్‌లో ఆల్డాల్, కానిజారో అంటూ పేర్లతో సహా కంఠతా పట్టిన చర్యలే ఇక్కడా ఎదురవుతాయి. కానీ ఇప్పుడు పేరు రాస్తే సరిపోదు, ప్రతి మెట్టులోనూ వంపు బాణం గీసి కారణం చూపాలి. విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాల 1953లోనూ, మేరీస్ స్టెల్లా 1962లోనూ మొదలయ్యాయి. అప్పటి నుంచి బీఎస్సీ చదివిన ఎన్నో తరాలకు కష్టమనిపించినదీ, పట్టుబడ్డాక ఇష్టమైనదీ ఈ బాణమే.

దాన్ని 1920లలో వాడుకలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు రాబర్ట్ రాబిన్సన్. మాంచెస్టర్‌లో ఆయన దగ్గర పరిశోధన చేసిన టి.ఆర్. శేషాద్రి 1934లో వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్గానిక్ కెమిస్ట్రీకి గట్టి పునాది వేశారు. మొక్కల రంగులంటే శేషాద్రికి ప్రాణం.

మొక్క రంగు గురించే తెలుసుకోవాలంటే కృష్ణా డెల్టాలో దూరం వెళ్లక్కర్లేదు. విజయవాడ నుంచి తెనాలి వెళ్లే దారిలో దుగ్గిరాల పసుపు మార్కెట్ ఉంది. అక్కడి పసుపు కొమ్ము ఒక్కటి చాలు, కోర్సులో సగం పాఠాలు అందులోనే ఉన్నాయి. దాని రంగుకు కారణం కర్కుమిన్. 1815లో తొలిసారి వేరుచేసిన ఈ పదార్థం నిర్మాణం 1910లో గానీ తేలలేదు.

కాగితం మీద కర్కుమిన్ మధ్యలో రెండు కీటోన్‌లు, వాటి నడుమ ఒక కర్బనం ఉన్నట్టు గీస్తారు. ద్రావణంలో మాత్రం ఆ నడిమి కర్బనం మీది హైడ్రోజన్ ఒకటి పక్కనున్న ఆక్సిజన్ మీదికి చేరి, రెండో ఆక్సిజన్‌ను కూడా పట్టుకుని ఉంటుంది. ఇదే ఈనాల్ రూపం. ఆ హైడ్రోజన్ రెండు ఆక్సిజన్‌ల మధ్య ఎంత వేగంగా తిరుగుతుందంటే, అణువు రెండు సగాలూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే 21 కర్బనాలున్నా అణు నిర్మాణాన్ని పసిగట్టే ఎన్‌ఎంఆర్ పరీక్షలో కనిపించే కర్బన సంకేతాలు 11 మాత్రమే.

ఇక పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి సంగతి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని ప్రతి ఇంట్లో తెలుసు. సున్నం క్షారం కాబట్టి కర్కుమిన్ నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటుంది. మిగిలిన రుణావేశం ఒకచోట నిలవక, వరుసగా ఉన్న జంట బంధాల మీదుగా అణువంతా పరుచుకుంటుంది. అలాంటి ఎలక్ట్రాన్లను కదిలించడానికి తక్కువ శక్తి గల కాంతి చాలు. ఇంతకుముందు నీలాన్ని పీల్చుకుని పచ్చగా కనిపించినది, ఇప్పుడు ఆకుపచ్చ వైపు కాంతిని పీల్చుకుని ఎర్రగా కనిపిస్తుంది. నిమ్మరసం పిండితే ప్రోటాన్ తిరిగి వస్తుంది, పసుపు రంగూ వస్తుంది. కూర మరక సబ్బు తగలగానే ఎర్రబడటానికీ ఇదే కారణం.

విద్యార్థి బుర్రకు నిజంగా పదును పెట్టేది రెట్రోసింథసిస్. కావలసిన అణువును ముందుంచుకుని, దేని నుంచి దేన్ని చేయవచ్చో వెనక్కి ఆలోచించే ఈ పద్ధతిని తీర్చిదిద్దినందుకే ఇ.జె. కోరీకి 1990లో నోబెల్ వచ్చింది. కర్కుమిన్‌ను అలా రెండు జంట బంధాల దగ్గర విడదీస్తే చివర్లలో రెండు వెనిల్లిన్‌లు, మధ్యలో ఎసిటైల్ ఎసిటోన్ వస్తాయి. ఐస్‌క్రీంలో ఉండే వెనిలా వాసన ఈ వెనిల్లిన్‌దే. అయితే వాటిని ఊరికే కలిపితే పని కాదు, ఎసిటైల్ ఎసిటోన్‌లో ముందుగా చర్యకు దిగేది నడిమి కర్బనం. కావలసింది చివరి కర్బనాల దగ్గర. పాబన్ అనే రసాయన శాస్త్రవేత్త 1964లో దీనికి బోరాన్ ఆక్సైడ్ వాడాడు. బోరాన్ రెండు ఆక్సిజన్‌లనూ పట్టుకుని నడిమి కర్బనాన్ని కట్టేస్తుంది, చివరలు చర్యలో పాల్గొంటాయి. పని అయ్యాక సజల ఆమ్లంతో బోరాన్‌ను వదిలించవచ్చు. ఇంతకన్నా అందమైన ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో అరుదు.

ల్యాబ్‌లో పసుపు పొడిని ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆ రసం చుక్కను సిలికా పూసిన టీఎల్‌సీ ప్లేటు మీద పెట్టి, క్లోరోఫామ్‌లో కొద్దిగా మెథనాల్ కలిపిన ద్రావణిలో నిలబెడితే మూడు పచ్చని మచ్చలు విడిపోతాయి. అన్నిటికన్నా పైకి పాకేది రెండు చివరలా ఓహెచ్ పక్కన ఒక్కో మెథాక్సీ సమూహం ఉన్న కర్కుమిన్. దాని కింది మచ్చలో ఒక మెథాక్సీ తక్కువ, అట్టడుగు మచ్చలో రెండూ లేవు. మెథాక్సీ పక్కనుంటే ఓహెచ్‌లోని హైడ్రోజన్ దానికే కట్టుబడి ఉంటుంది. అది లేనప్పుడు ఓహెచ్ సిలికాను గట్టిగా పట్టుకుంటుంది, మచ్చ కిందనే ఆగిపోతుంది.