ఇన్సులిన్ రకములు – వేళల ప్రాధాన్యము

1921లో టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను పరిశోధకులు ఇన్సులినును వేరుచేయక పూర్వము, మొదటి రకపు మధుమేహము వచ్చిన పిల్లలకు మరణమే శరణ్యము. నేడు వారు మనతో తరగతిలో కూర్చుండి చదువుకొనుచున్నారు.

ఇన్సులిన్ రకములందలి భేదము ముఖ్యముగా కాలభేదము. రెగ్యులర్ అరగంటలో పని ప్రారంభించి 6 నుండి 8 గంటలు నిలుచును. లిస్‌ప్రో 15 నిమిషములలోనే ప్రారంభించును. పాలవలె తెల్లగానుండు ఎన్.పి.హెచ్. నెమ్మదిగా మొదలై 12 గంటలకు పైగా నిలుచును. గ్లార్జిన్ దాదాపు దినమంతయు సమముగా పనిచేయును. రకమును, మోతాదును వైద్యుడే నిర్ణయించును.

సూది వేసికొని భోజనము మానినచో రక్తములో చక్కెర పడిపోవచ్చును. చెమట, వణుకు, తికమక కనిపించినచో మనము వెంటనే చక్కెర నీరు త్రాగించవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. తరగతియైనను, ఆటయైనను, సభయైనను, అట్టి మిత్రుని భోజనవేళ దాటనీయకుండుట మనందరి ధర్మము.