వేములవాడ చాళుక్యులు

బాన్సువాడకు ఉత్తరాన, మంజీరా పరీవాహక ప్రాంతంలో బోధన్ పట్టణం ఉన్నది. దీని ప్రాచీన నామం పోదన. క్రీ.శ. ఎనిమిదవ శతాబ్దంలో ఈ నగరం ఒక చిన్న రాజ్యానికి తొలి రాజధానిగా విలసిల్లింది. ఆ రాజ్యాన్ని ఏలినవారే వేములవాడ చాళుక్యులు.

వీరు చక్రవర్తులు కారు, రాష్ట్రకూటుల సామంతులు. తొలి పాలకులలో ప్రసిద్ధుడు వినయాదిత్య యుద్ధమల్లుడు. అతడు పోదనలో నూనె నింపిన కొలనులో ఏనుగులకు స్నానం చేయించేవాడని వంశప్రశస్తి చెబుతున్నది. అది అతిశయోక్తి కావచ్చును; కాని ఆ రాజ్య వైభవాన్ని సూచిస్తున్నది. తరువాత వచ్చిన బద్దెగుడు నలభైరెండు యుద్ధాలలో గెలిచి 'సోలదగండడు', అనగా ఓటమి ఎరుగని వీరుడు అనే బిరుదు పొందాడు. కాలక్రమంలో రాజధాని వేములవాడకు మారింది. అక్కడ బద్దెగుని పేరిట వెలసిన బద్దెగేశ్వరాలయమే నేటి భీమేశ్వరాలయమని చరిత్రకారుల అభిప్రాయం.

ఈ వంశంలో అగ్రగణ్యుడు రెండవ అరికేసరి. శరణన్నవానిని కాపాడటానికి ఆయన తన ప్రభువైన రాష్ట్రకూట నాల్గవ గోవిందుని సైతం ఎదిరించాడు. కన్నడ ఆదికవి పంపడు ఆయన ఆస్థానకవి. పంపడు 941లో 'విక్రమార్జున విజయం' రచించి, అందులో అరికేసరిని అర్జునునితో పోల్చాడు. అరికేసరి అతనికి ధర్మపురం అనే అగ్రహారమిచ్చి సత్కరించాడు.

పంపని తమ్ముడు జినవల్లభుడు. నేటి కరీంనగర్ జిల్లా కుర్క్యాల సమీపంలోని బొమ్మలగుట్టపై అతడు జైన ప్రతిమలను చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో ఒక శాసనం వేయించాడు. అందులో మూడు తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. నన్నయ భారత రచనకు సుమారు నూరేండ్ల ముందే కందం తెలుగునేలపై పరిణతి పొందిందని ఇవి నిరూపిస్తున్నాయి. ఆ బండ పగిలిపోయి ఉంటే ఈ పద్యాలు మనకు దక్కేవి కావు. 959లో సోమదేవసూరి 'యశస్తిలక చంపువు' అనే సంస్కృత కావ్యాన్ని పూర్తి చేసినది కూడా ఈ రాజుల నీడలోనే. శైవ, జైన మతాలు రెండూ వీరి ఆదరణ పొందాయి.

973లో రాష్ట్రకూట సామ్రాజ్యం పతనమైంది. దానితోపాటు ఈ సామంత రాజ్యమూ చరిత్ర నుండి తొలగిపోయింది. వీరు గెలిచిన యుద్ధాలు నేడు కొద్దిమందికే తెలుసు. కాని వీరు ఆదరించిన కవుల అక్షరాలు మూడు భాషల సాహిత్యంలో నిలిచి ఉన్నాయి. మన ఊరి పొలిమేరలోని శాసనశిలను కాపాడుకోవడమంటే, అటువంటి అక్షరాన్ని కాపాడుకోవడమే.