నాయన ఫియటుకు గాలి సంచులు

అవినాశిలో మా ఇంటి పక్క రేకుల పందిట్లో ఒక ఫియట్ 1100 ఉంది. 1971లో మా నాయన కొన్నది. ఆ రోజుల్లో కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకోవాలి. నన్ను మొదటిసారి బడికి తీసుకెళ్లింది ఆ కారే. మా అక్కను అత్తవారింటికి పంపిందీ ఆ కారే.

పోయిన ఏడు అక్క కొడుకు పెళ్లి కుదిరింది. "మామా, పెళ్లికూతుర్ని తాత కారులోనే తీసుకొస్తాను" అన్నాడు. మాకందరికీ సంతోషమే. కారును ఒక షెడ్డులో వదిలి, పదిహేను రోజుల తరువాత తెచ్చాడు. చూస్తే వెనక భాగం నేలకు ఆనుతున్నట్టు కిందికి దిగి ఉంది. "ఇదే ఇప్పటి స్టైలు మామా!" అన్నాడు.

ఆ సాయంత్రం నాయన, అమ్మ, అక్క వెనక సీట్లో కూర్చున్నారు. వీధి మలుపులో మొదటి స్పీడ్ బ్రేకర్ రాగానే ధన్ మని చప్పుడు. సైలెన్సర్ గొట్టం నేలను గీరింది. ఎనభై దాటిన నాయన నడుము పట్టుకుని దిగి, "ఎద్దుల బండిలో అయినా కింద గడ్డి వేస్తారు కదరా!" అని లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ ఆ కారెక్కనన్నారు. మనవడి పెళ్లికి కూడా.

నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. స్ప్రింగుల సంగతి నాకేం తెలుసు? కానీ ఇంట్లో ఇద్దరి మధ్య ఖాతా సరిచూడవలసిన బాధ్యత నామీద పడింది. కాబట్టి నేర్చుకున్నాను.

తేలిందేమంటే, షెడ్డువారు వెనక కమాను పట్టీల్లో ఒకటి తీసేసి, మిగిలినవాటి వంపు తగ్గించారు. కారు కిందికి దిగింది, మోసే బలమూ తగ్గింది. దీనికి విరుగుడుగా మా వాడు గాలి సంచులు పెడదామన్నాడు. మందపాటి రబ్బరు సంచిలో గాలి నింపి, దాని మీద బండి బరువు మోయించడం. గాలి ఎక్కిస్తే బండి లేస్తుంది, తీస్తే దిగుతుంది.

ఇది మరీ కొత్త సంగతేమీ కాదు. 1957లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ ఎల్డొరాడో బ్రోమ్ అనే ఖరీదైన కారుకు నాలుగు చక్రాలకూ గాలి స్ప్రింగులే పెట్టింది. అవి గాలి కారి కారి, చాలామంది విసిగిపోయి మామూలు స్ప్రింగులు వేయించుకున్నారు. మన దేశంలో 2001లో వోల్వో బస్సులు వచ్చాక గాలి మీద ప్రయాణం ఎంత సుఖమో అందరికీ తెలిసింది. ఇక మన కోయంబత్తూరు వాళ్లకు మోటారు పిచ్చి తరతరాలది. జి.డి. నాయుడు గారు 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి పళని మధ్య తానే నడిపారు. గాలి కంప్రెసర్లకు పేరుపడ్డ ఎల్జి కంపెనీ 1960లో మొదలైంది. అవినాశి రోడ్డులోని జీడీ కార్ మ్యూజియంకు మా వాడు ఎన్నిసార్లు వెళ్లాడో లెక్కలేదు.

సరే, ఏ రకం పెట్టాలి? రెండు దారులు కనిపించాయి.

మొదటిది, కమాన్లు పూర్తిగా తీసేసి సంచుల మీదే బండిని నిలపడం. మా వాడికి మనసు దీనిమీదే, ఎందుకంటే నిలిపినప్పుడు బండి నేలమట్టం దాకా దిగుతుంది. కానీ ఇందులో ఒక చిక్కుంది. కమాను రెండు ఉద్యోగాలు చేస్తుంది: బరువు మోస్తుంది, ఇరుసును ముందుకూ వెనక్కూ పక్కలకూ జరగకుండా పట్టుకుంటుంది. గాలి సంచి మొదటి పని మాత్రమే చేస్తుంది. రెండవ పనికి నాలుగు ఇనుప కడ్డీలు, పక్కకు జరగకుండా ఇంకొకటి, కొత్తగా అమర్చాలి. మా ఫియటుకు లారీలా విడిగా చట్రం లేదు. బాడీ రేకే చట్రం. కాబట్టి ఆ రేకును కోసి వెల్డింగు చేయాలి.

రెండవది, కమాన్లను ఉంచి, వాటికి తోడుగా చిన్న సంచులు పెట్టడం. బరువును ఇద్దరూ పంచుకుంటారు.

లెక్క చాలా సులభం. గాలి పీడనాన్ని సంచి వైశాల్యంతో గుణిస్తే అది మోసే బరువు వస్తుంది. వెనక ఒక్కో పక్క మనుషులతో కలిపి 300 కిలోలు, అంటే 660 పౌన్లు పడుతుందనుకుందాం. సగం కమాను మోస్తే సంచికి మిగిలేది 330 పౌన్లు. సంచి వైశాల్యం 10 చదరపు అంగుళాలైతే 33 పౌన్ల గాలి చాలు. ఇంచుమించు టైరులో కొట్టించుకునే గాలే.

నేను బ్యాంకువాణ్ణి కాబట్టి కాగితాలూ చూశాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజి వాహనంగా నమోదు చేసుకోవచ్చు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. "కుదువ పెట్టే నగను ముందే కోసేస్తే అప్పు ఎవరిస్తారురా?" అన్నాను. చివరికి వాడే రెండవ దారికి ఒప్పుకున్నాడు. ముందు ఆర్.టి.ఒ. ఆఫీసులో అడిగి, తరువాతే పని మొదలుపెట్టాం.

పని చేయించేటప్పుడు నేర్చుకున్నవి మీకూ పనికిరావచ్చు. ఎడమ, కుడి సంచులకు వేర్వేరు గొట్టాలుండాలి. రెండింటినీ కలిపితే మలుపులో బరువు పడిన వైపు గాలి రెండో వైపుకు పోయి బండి ఇంకా ఒరుగుతుంది. దించిన బండిలో ఇరుసుకూ బాడీకీ మధ్య చోటు తక్కువ కాబట్టి, పూర్తిగా నలిగినప్పుడు సంచి ఎత్తు ఎంతో ముందే చూసుకోవాలి. అడుగున రబ్బరు దిమ్మ తప్పక ఉండాలి. సంచికి సైలెన్సర్ వేడి తగలకూడదు. గాలి ఊపును ఆపదు, కాబట్టి షాకబ్జర్లు మంచివి వేయాలి. బ్రేకు గొట్టం బిగుసుకుపోకుండా చూడాలి. పాత డైనమోకు కంప్రెసర్ భారమని, మేము దాన్ని పెట్టలేదు. పెట్రోలు బంకులో గాలి కొట్టించుకునే మామూలు వాల్వులే పెట్టాం. తీసేసిన కమాను పట్టీని షెడ్డునుంచి అడిగి తెచ్చి అటక మీద దాచాను. కావాలంటే ఒక పూటలో బండి మళ్లీ పాత రూపానికి వస్తుంది.

మా ఊరి తేరు చూశారా? అంత పెద్ద రథానికి స్ప్రింగు లేదు. అది స్వామికి సరిపోతుంది, ఎనభై దాటిన నడుముకు సరిపోదు. కారు నిలబడినప్పుడు ఎలా కనిపిస్తుందో వీధిలోవాళ్లు చూస్తారు. నడిచినప్పుడు ఎలా ఉంటుందో వెనక కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. సస్పెన్షన్ ఎంచుకునేటప్పుడు అడగవలసింది వాళ్లనే. మేము వాళ్లను చివర అడిగాం.

పెళ్లి రోజు ఉదయం గాలి కొట్టించి, బతిమాలి నాయనను ఎక్కించాం. పెళ్లికూతురు పక్కన కూర్చున్నారు. ఆ మలుపు వచ్చింది. మా వాడు ఊపిరి బిగబట్టి నడిపాడు. దాటాక నాయన కిటికీలోంచి వెనక్కి చూసి, "ఆ దిమ్మె ఎప్పుడు తీసేశార్రా?" అని అడిగారు.