కాళ్ళలో రక్తప్రసారము – స్పర్శజ్ఞానము

నొప్పి అనగానే మనకు విసుగు. తల నొచ్చినా, పన్ను సలిపినా దానిని ఎంత త్వరగా వదిలించుకొందామా అని చూస్తాము. కాని కాలి విషయంలో నొప్పి కావలివాని వంటిది. ముల్లు గ్రుచ్చుకొన్నదనీ, చెప్పు కరచినదనీ, నేల కాలుచున్నదనీ హెచ్చరించేది అదే. నొప్పి తెలియని కాలు అదృష్టవంతమైనది కాదు. కావలి లేని పొలం వంటిది.

చోడవరం ప్రాంతమును తీసికొనండి. మొన్నటివరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ సీమ చెరకునకు పేరు పొందినది. చెరకు నరికిన తోటలో మోళ్ళు కత్తులవలె నిలిచి ఉంటాయి. బెల్లం వండే పొయ్యి దగ్గర నేల వేడిగా ఉంటుంది. ఇక ఆషాఢ పూర్ణిమకు సింహాచలం గిరిప్రదక్షిణకు వెళ్ళేవారు సుమారు 32 కిలోమీటర్లు చాలవరకు వట్టి కాళ్ళతోనే నడుస్తారు. ఆరోగ్యవంతునికి బొబ్బ లేస్తే కుంటుతాడు, కూర్చుంటాడు, మందు వేసికొంటాడు. పాదం మొద్దుబారినవాడు ఆ బొబ్బ మీదనే నడుస్తాడు. బొబ్బ పుండవుతుంది, పుండు ఎముక దాకా పోతుంది. చివరకు వేలో, పాదమో తీసివేయవలసిన స్థితి వస్తుంది.

కాలు చల్లగా ఉండవలెనంటే రెండు కావలెను. ఒకటి రక్తప్రసారము, అది పొలానికి నీటికాలువ వంటిది. రెండవది నరముల ద్వారా కలిగే స్పర్శజ్ఞానము. మధుమేహము ఈ రెంటినీ దెబ్బతీయగలదు. పొగాకు రక్తనాళములను చెరుపుతుంది. చుట్టను మామూలుగా కాల్చినా, ఉత్తరాంధ్రలో కొందరు స్త్రీలు నిప్పును నోటిలోపల ఉంచి కాల్చే అడ్డపొగ అయినా, ఆ విషం కాలి నాళములకు చేరక మానదు. కుష్ఠువ్యాధి ముఖ్యంగా నరములను పట్టుకొంటుంది.

వైద్యుడు మొదట కాలిని చూస్తాడు, తరువాత తాకి చూస్తాడు. చర్మం పలుచబడి మెరయుచున్నదా, వెంట్రుకలు రాలినవా, ఒక కాలు రెండవదానికన్న చల్లగా ఉన్నదా అని గమనిస్తాడు. పాదము పైభాగమున ఒకచోట, లోపలివైపు చీలమండ వెనుక ఒకచోట నాడి చూస్తాడు. పాదము పైని నాడి కొందరు ఆరోగ్యవంతులలోను చేతికి అందదు గనుక రెండు తావులను చూడడం అవసరము. తరువాత రోగిని పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తి ఒకటి రెండు నిమిషములు ఉంచుతాడు. రక్తం చాలనప్పుడు అరికాలు పాలిపోతుంది. ఆ కాలిని క్రిందికి వ్రేలాడవేస్తే కొంతసేపటికి ముదురు ఎరుపెక్కుతుంది. బర్గర్ అనే వైద్యుని పేరుతో ఈ పరీక్ష ప్రసిద్ధము.

ఇంకను కచ్చితమైన లెక్క కావలెనంటే రక్తపుపోటును చేతివద్దను, చీలమండవద్దను కొలిచి, చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తారు. చేతిలో 130, చీలమండలో 91 ఉంటే వచ్చేది 0.7. ఈ ఫలము 1.0 నుండి 1.4 వరకు ఉంటే మంచిది; 0.9 గాని, అంతకు తక్కువ గాని అయితే ధమని ఇరుకైనదని గ్రహించవలెను. 1.4 దాటినా సంతోషించరాదు. మధుమేహము చిరకాలముగా ఉన్నవారిలో నాళములు గట్టిపడి, పట్టీ బిగించినా నొక్కుకొనవు; అందుచేత అంకె పెరిగి కనబడుతుంది. అట్టివారికి కాలివ్రేలి వద్ద పోటును కొలుస్తారు.

నడిచినపుడు పిక్క పట్టుకొని, నిలబడితే సర్దుకొనే నొప్పి రక్తం చాలదనే సూచన. కాని నరములు కూడ చెడినవానికి ఆ నొప్పి తెలియకపోవచ్చును. అందుచేతనే రెండు పరీక్షలు కలిపి చేయవలెను.

స్పర్శను కొలవడానికి 19వ శతాబ్దం చివర ఫాన్ ఫ్రై అనే శాస్త్రజ్ఞుడు గుఱ్ఱపు వెంట్రుకలను వాడినాడు. నేడు నైలాను పోగును వాడుతున్నారు. చర్మానికి ఆనించి నొక్కితే సరిగా 10 గ్రాముల బలము వద్ద అది వంగుతుంది. రోగి కళ్ళు మూసికొని ఉండగా అరికాలిలో కొన్ని చోట్ల తాకించి, తెలిసినదా అని అడుగుతారు. ఆనెకాయలున్న చోట తాకించరాదు. సెకనుకు 128 కంపనములు గల శ్రుతిదండమును బొటనవ్రేలి ఎముకపై ఆనించి అదురు తెలియుచున్నదో లేదో చూడడం మరొక పద్ధతి.

ఈ విషయంలో దక్షిణదేశమునకు ఒక గొప్ప చరిత్ర ఉన్నది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల వ్రేళ్ళు, పాదములు వాటంతట అవే కుళ్ళి రాలిపోవడం లేదనీ, స్పర్శ లేక దెబ్బలు, కాలిన గాయములు తెలియకపోవడం వల్లనే పాడవుచున్నవనీ చూపినాడు. కాపాడుకొంటే పాదం నిలుస్తుందనే ధైర్యం అక్కడినుండి వచ్చినది. నేడు కుష్ఠువ్యాధికి మందులు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా ఇస్తారు. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనబడితే దాచుకొనవలసిన పని లేదు.

ఇంటిలో చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. ఇంగ్లండులోని ఇప్స్విచ్ వైద్యులు దీనిని 2011లో ప్రకటించినారు. ఇంటి పెద్దవారిని పడుకోబెట్టి కళ్ళు మూసికొనుమనండి. మీ చూపుడువ్రేలి కొనతో వారి రెండు పాదముల బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు కొనలను ఒక్కొక్కసారి సుతారంగా తాకండి. తట్టరాదు, నొక్కరాదు, రెండవసారి తాకరాదు. తాకినపుడు కుడియో ఎడమయో వారు చెప్పవలెను. ఆరింటిలో రెండుగాని, అంతకు మించిగాని తెలియకపోతే వైద్యునివద్దకు తీసికొనివెళ్ళండి. అన్నీ తెలిసినా మధుమేహము గలవారు ఏడాదికొకసారి పాదములను వైద్యునికి చూపవలెను.

మొద్దుబారిన నరములకు పూర్వపు స్పర్శ తిరిగి రావడం కష్టము. అప్పుడు ఆ పని కళ్ళు చేయవలెను. రోజూ రాత్రి పాదములను, వ్రేళ్ళ సందులను చూచుకొనండి. అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకొనండి, లేదా కోడలినో మనుమనినో చూడుమనండి. చెప్పులు తొడిగేముందు లోపల రాయి ఉన్నదేమో దులిపి చూడండి. వేడినీటిలో పాదం పెట్టేముందు మోచేతితో వేడి చూడండి. ఆనెకాయను బ్లేడుతో కోయకండి. చేనికి పోయినా, గుడికి పోయినా పాదమును వట్టిగా వదలకండి. మ్రొక్కు ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా అడగండి. నొప్పి లేని పుండు చిన్నదని ఊరుకొనక, ఆనాడే ఆసుపత్రికి వెళ్ళండి.