పాపికొండలకు పోయే ముందు గోదారి ఎంతుందో అడగండి

దీవికి ప్రయాణం అనగానే అండమాన్ గుర్తొస్తుంది. విశాఖలో ఓడెక్కాలి, గిరిజన రక్షిత ప్రాంతాల జోలికి పోకూడదు, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ఖమ్మం, కొత్తగూడెం వాళ్ళకు ఇలాంటి జాగ్రత్తలే కావలసిన చోటు ఇంటికి దగ్గరలోనే ఉంది. భద్రాచలం దిగువన పాపికొండల నడుమ పేరంటాలపల్లి, కొల్లూరు దీవులు కావు. అయినా ముందు గోదారి, వెనక అడవి. యాత్రికుడికి బోటే దారి.

రైల్లో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. భద్రాచలం గుడికి అక్కణ్ణుంచి ఇంకా 40 కిలోమీటర్లు బస్సులో పోవాలి. బోట్లు బయల్దేరే పోచవరం రేవు భద్రాచలం నుంచి దాదాపు మరో 70 కిలోమీటర్లు. బోట్లు పొద్దున్నే కదులుతాయి కాబట్టి ముందురోజు రాత్రికే భద్రాచలం చేరడం మేలు. ఈ దారిలో రాష్ట్రం కూడా మారుతుంది. పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. గుడి ఉన్న పట్టణం తెలంగాణలో మిగిలింది, ఊరు దాటగానే ఎటపాక ఆంధ్ర. సొంత కారుకు ఇబ్బంది లేదు. టాక్సీ అయితే పక్క రాష్ట్రం పన్ను ఎవరు కడతారో బేరమాడేటప్పుడే తేల్చుకోండి. సరిహద్దు దగ్గర ఆ వాదన పెట్టుకుంటే పోచవరంలో బోటు ఆగదు.

బోటులో ఎక్కేవాళ్ళ పేర్లు రాసుకుంటారు, ఆధార్ ఉంచుకోండి. కాగితాల పని ఇంతే. అసలు అనుమతి ఇవ్వాల్సింది నది.

భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. టీవీలో ఈ అంకెలు చూసి చాలామంది పొరపాటు లెక్క వేస్తారు, హెచ్చరిక ఎత్తేశారు కదా, ఇక బోటెక్కవచ్చని. ఆ హెచ్చరికలు ఒడ్డున ఉన్న ఊళ్ళ కోసం. ఊళ్ళకు ముప్పు తప్పినా నదిలో వడి తగ్గిందని కాదు. పైగా శబరి నది వచ్చి గోదావరిలో కలిసేది భద్రాచలం దాటాక, కూనవరం దగ్గర. పోచవరం ఇంకా దిగువన. అంటే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కొండల్లో వాన దంచితే శబరి తెచ్చే నీరు భద్రాచలం కొలతలోకి నేరుగా రాదు, మీ బోటు కిందికి మాత్రం వస్తుంది. అందుకే చింతూరు దగ్గర శబరి ఎలా ఉందో కూడా అడగాలి.

ఇక కొండల మధ్య సంగతి. మైదానంలో విశాలంగా పరుచుకున్న గోదావరి ఇక్కడ ఇరుకు సందులోంచి పోవాలి. వెడల్పు తగ్గిన నీరు లోతు పెంచుకుంటుంది, మలుపుల్లో సుడులు తిరుగుతుంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది అలాంటి చోటే, వరద రోజుల్లోనే. ఆ బోటును పైకి తీయడానికే నెల పైన పట్టింది. తర్వాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు. అక్కడి సిబ్బంది ఆపితే బతిమాలకండి, టికెట్ డబ్బు వెనక్కి అడిగి గుళ్ళో దర్శనం చేసుకుని రండి. నా మట్టుకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తప్ప ఈ యాత్ర పెట్టుకోను.

లైఫ్ జాకెట్ ఇచ్చారా అని మాత్రమే చూస్తే చాలదు. నడుము దగ్గర బకిల్ టక్కుమని పడుతోందా, పట్టీ లాగితే బిగుస్తోందా చూడండి. భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తితే జాకెట్ గడ్డం దాటి జారిపోతుంటే అది మీ కొలత కాదు. పిల్లలకు చిన్న సైజు అడిగి తీసుకోవాలి. భోజనాలప్పుడు ఉక్కగా ఉందని విప్పేస్తారు చూడండి, అదే నాకు నచ్చని పని.

కొండల లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి ఫోన్‌పే మీద భరోసా పెట్టుకోవద్దు. రోజూ వేసుకునే మందులు, దోమల మందు సంచిలో పడేయండి, ఏజెన్సీలో మలేరియా కొత్త కాదు. పేరంటాలపల్లిలో శివాలయం చూసి దిగి వస్తుంటే కొండరెడ్డి గిరిజనులు వెదురుతో చేసిన బుట్టలు, పూలు అమ్ముతుంటారు. పది, ఇరవై, యాభై నోట్లు పెట్టుకుని వెళ్ళండి. ఐదొందల నోటుకు అక్కడ చిల్లర దొరకదు.